తాళం వేసిన మరుగుదొడ్డి గురించి మూడో అర్జీ

వడమాలపేట సమీపం,
బుధవారం.

తిరుపతిలోని వృద్ధాశ్రమాల తనిఖీ అధికారి గారి సముఖమునకు,

మలిపొద్దు వృద్ధుల నిలయం, మగవారి హాలు, తొమ్మిదో నంబరు మంచం నివాసి పి. ఏబెల్, వయసు డెబ్బై నాలుగు, వ్రాసుకొను విన్నపము.

విషయం: తనిఖీ నిమిత్తం శుభ్రముగా ఉంచబడి, సదరు శుభ్రత చెడకుండుటకై తాళము వేయబడియున్న మరుగుదొడ్డిని నివాసుల వాడకమునకు తెరిపించుట గురించి – మూడవ పర్యాయము – మనవి.

సూచిక: 1) నా మొదటి అర్జీ. 2) నా రెండవ అర్జీ. 3) రెండింటికీ ‘పరిష్కరించబడినది’ అని వచ్చిన జవాబులు.

అయ్యా,

తమరు అయ్యగారో అమ్మగారో నాకు తెలియదు. పోయినసారి తనిఖీకి వచ్చినది మేడమ్ గారు, అంతకుముందు ఒక సారు. ఇప్పుడు ఆ కుర్చీలో ఎవరున్నారని అడిగితే చెప్పేవారు లేరు. పాత పద్ధతి ప్రకారం అయ్యా అనే రాస్తున్నాను. మేడమ్ గారైతే మన్నించవలెను.

ఈ దిగువ సంగతులు తమ దృష్టికి తెచ్చుకొనుచున్నాను.

1. మా నిలయంలో మేము ముప్పై ఒక్కరం ఉన్నాము. మగవారి హాలులో పద్నాలుగు మంచాలు, ఆడవారి హాలులో పదిహేడు. వెనుక వైపు నాలుగు మరుగుదొడ్లు కలవు. నాలుగూ కిందికి గొంతుకూర్చునేవే. అక్కడికి పోవాలంటే రెండు మెట్లు దిగాలి. పట్టుకోవడానికి గోడ తప్ప ఏమీ లేదు, ఆ గోడ కూడా ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఇవి గాక ఆఫీసు గది పక్కన ఐదోది ఒకటి కలదు. అందులో కుర్చీలాగా కూర్చునే కమోడు, రెండు పక్కలా స్టీలు కడ్డీలు, కింద జారని రాయి, గోడకు గంట నొక్కే బటను ఉన్నాయి. తలుపు మీద ‘నివాసుల కొరకు’ అని రంగుతో రాసి ఉన్నది. ఆ అక్షరాల కిందనే తాళం ఉన్నది. తాళంచెవి మేనేజరు బాలచంద్ర గారి నడుముకు ఉన్నది.

2. బాలచంద్ర గారు చెడ్డవారని నేను రాయడం లేదు. పైన చెప్పిన మరుగుదొడ్డి కట్టిన కొత్తలో తాళం లేదు. ఐదారుగురం వాడుకునేవాళ్ళం, పోయేటప్పుడు దేవుణ్ణి తలుచుకునేవాళ్ళం. ఆ రోజుల్లో ఒక సారు తనిఖీకి వచ్చి, అప్పుడే ఎవరో వాడి వచ్చిన గుర్తు ఒకటి చూసి ముక్కు మూసుకుని, రిజిస్టరులో ఎర్ర సిరాతో ‘మరుగుదొడ్డి అపరిశుభ్రం. పునరావృతమైన యెడల అనుమతి రద్దు’ అని రాసి పోయినారు. ముప్పై ఒక్కరికి కడిగేది, తుడిచేది, స్నానాలు పోసేది అంతా ఒక్క నాగవేణి. ఆమెకు ఉన్నవి రెండు చేతులే. కాబట్టి బాలచంద్ర గారు ఆలోచించి, ఎవరూ వాడకపోతే మరక పడదని కనిపెట్టినారు. ఆ రోజు సాయంత్రమే తాళం వచ్చింది.

తరువాతి తనిఖీలో అదే గది గురించి ‘చాలా బాగున్నది’ అని నీలం సిరాతో రాశారు.

తనిఖీ నాడు మాత్రం పుత్తూరు నుంచి ఇద్దరు మనుషులు కూలికి వస్తారు. ఒకరు ఆ తలుపు దగ్గరే బకెట్టుతో నిలబడి, ఎవరు వాడినా వెంటనే కడుగుతారు. ఆ ఒక్కరోజు మేము రాజులం. సాయంత్రం ఐదింటికి కూలివాళ్ళు ఆటో ఎక్కుతారు, తాళం పడుతుంది.

3. ఇప్పుడు అసలు మనిషి సంగతి. పదో నంబరు మంచం కుప్పయ్య, వయసు డెబ్బై ఎనిమిది, నా పక్కవాడు. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు నడిపినవాడు. ఆ మలుపుల్లో క్లచ్చు తొక్కీ తొక్కీ రెండు మోకాళ్ళూ పోయినాయి, ఇప్పుడు అవి వంగవు. పోయిన ఎండాకాలంలో వెనుక దొడ్డి మెట్ల మీద పడినాడు. ఎముక విరగలేదు గాని గుండె చెదిరింది. అప్పటి నుంచి ఒక ఉపాయం పట్టినాడు, నీళ్ళు తాగడు. పొద్దున అర గ్లాసు, మాపటేళ అర గ్లాసు. అన్నం కూడా పిల్లి తిన్నంత తింటాడు. లోపలికి ఏదీ పోకపోతే బయటికి రావలసిన పని ఉండదని లెక్క.

‘కొండెక్కేటప్పుడు గూడా ఇంతే గదప్పా, మలుపులో బస్సు ఆపేదానికి ఉండదు. నీళ్ళు తాగకుండా ఉండేది నాకు అలవాటే’ అంటాడు.

అప్పుడు వయసు ముప్పై అయ్యా. దిగినాక తాగేవాడు.

హాలులో మంచం దగ్గర వాడుకోమని ఒక సీసా ఇచ్చినారు. మంచానికి మంచానికి మధ్య తెర లేదు, ఎదురుగా ఆడవారి హాలు కిటికీ. ‘ఆ పక్క తిరుమలమ్మ కూసోని బియ్యం ఏరతా ఉంటాది. ఆయమ్మ ముందర నేను సీసా పట్టుకోవాల్నా? సావనైనా సస్తాను’ అన్నాడు. ఆ సీసా ఒక పనికే అని, రెండో పనికి సీసాలు లేవని తమకు వేరే చెప్పనక్కరలేదు.

నెలకొకసారి వచ్చే డాక్టరు గారు కుప్పయ్య నాలుక చూసి, చర్మం చిటికెతో పట్టి చూసి, నీళ్ళు బాగా తాగకపోతే కిడ్నీలు ఆగిపోతాయని ఖచ్చితంగా చెప్పినారు. మా ఆరోగ్య పుస్తకంలో అతని పేరు ఎదురుగా ‘నీళ్ళు త్రాగుటకు మొండికేయుచున్నారు’ అని రాసి ఉన్నది. ఎందుకు అనే గడి ఆ పుస్తకంలో లేదు. ఇప్పుడు పొద్దున లేస్తే నాగవేణి తిట్టేది అతన్నే, డాక్టరు తిట్టేది అతన్నే, నేనూ తిట్టినాను. పాదాలు వాచినాయి. రెండు వారాలుగా మాట మధ్యలో ఆగి, ఏమి చెబుతున్నాడో మరిచిపోతున్నాడు. నాకు భయంగా ఉంది. ఇంతకు మించి దీన్ని ఆఫీసు భాషలో ఎలా రాయాలో తెలియదు.

4. ఈ అంశము నా మీద నేనే చేసుకొనుచున్న ఫిర్యాదు.

నేను బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిది సంవత్సరాలు షిఫ్టు సూపర్‌వైజరుగా పనిచేసితిని. తనిఖీ అంటే ఏమిటో తమకన్నా నాకే ఎక్కువ తెలుసునేమో. అధికారులు వచ్చే రోజు కాయలు కోసే ఆడవాళ్ళకు కొత్త టోపీలు ఇప్పించేది నేను, సాయంత్రం లెక్కబెట్టి వెనక్కి తీసుకునేది నేను. చేతులు కడుక్కునే తొట్టి ఒకటి, సబ్బు నీళ్ళతో సహా, తెల్లగా మెరుస్తూ ఉండేది. దానికి గుడ్డ కట్టి ఉంచేవాళ్ళం. మామిడి సొన పడి ఆడవాళ్ళ చేతులు పొక్కులెక్కితే, వాళ్ళు పెరట్లో కొళాయి దగ్గరికి పోయి కడుక్కునేవాళ్ళు. ఒకామె అడిగింది, ‘అన్నా, ఈడనే కడుక్కుంటే ఏమి?’ అని. ‘గమ్మునుండమ్మా, ఆఫీసర్లు వచ్చినప్పుడు కడుక్కుందువు’ అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వినారు, నేనూ నవ్వినాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

పోయినసారి తనిఖీలో మేడమ్ గారు మా హాలు మధ్యలో నిలబడి, ‘ఏమైనా ఇబ్బందులు ఉన్నాయా?’ అని అడిగినారు. నా పక్కనే కుప్పయ్య ఉన్నాడు. నేను గబుక్కున లేచి, చేతులు కట్టుకుని, ‘అన్నీ బాగున్నాయి మేడమ్’ అన్నాను. ఎవరూ భయపెట్టలేదు, ఎవరూ చెప్పమనలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు నోట్లోంచి దానంతట అది వచ్చింది. మేడమ్ గారు సంతోషపడి, చదువుకున్నవాళ్ళలాగా ఉన్నారు, మీరే సంతకం చెయ్యండి అన్నారు. నివాసుల ప్రతినిధిగా సంతకం చేసినాను. కింద తేదీ కూడా వేసినాను.

జీపు పోయినాక కుప్పయ్య నా వైపు తిరిగినాడు. మెల్లగా అడిగినాడు. ‘ఏమప్పా ఏబెలూ, నాకు బాగుండాదని నీకెవురు సెప్పినారు?’

దానికి జవాబుగా ఇది రాస్తున్నాను. సదరు సంతకమును రద్దు చేయవలసినదిగా ఇందుమూలముగా కోరుచున్నాను.

5. మొదటి అర్జీ గతి: పోస్టులో పంపిన పదహారో రోజున అది మా నిలయానికే తిరిగి వచ్చింది. పైన ‘విచారించి నివేదిక పంపగలరు’ అని తమ కార్యాలయం ముద్ర. పంపినది బాలచంద్ర గారికి, అనగా ఎవరి మీద అర్జీ పెట్టినానో వారికే. ఆయన నన్ను ఆఫీసులోకి పిలిచి, కుర్చీ వేసి, కాఫీ ఇప్పించినారు.

‘ఏంది పెద్దాయనా, నాకొక మాట సెప్పుంటే సాలదా?’

‘శానాసార్లు సెప్పినాను గదా సార్.’

‘సెప్పినావులే. సరే, దీనికి జవాబు రాయాల. ఈడ మంచి దస్తూరీ నీదే గదా. రాసిపెట్టు.’

నిలయం ఉత్తరాలన్నీ రాసేది నేనే. అదొక అలవాటు, పైగా కాఫీ తాగి ఉన్నాను. ‘సదరు మరుగుదొడ్డి నివాసుల వినియోగార్థము సర్వసన్నద్ధముగా నున్నది’ అని రాసినాను. అబద్ధం కాదు, సన్నద్ధంగానే ఉన్నది. నా అర్జీకి నేనే జవాబు రాసి, ఆయన సంతకం పెట్టించి, కవరు అంటించి ఇచ్చినాను. అర్జీ పరిష్కరించబడినది.

రెండో అర్జీ పెట్టిన అచ్చు ఫారంలో ఫోను నంబరు గడి ఉంటే, నాకు ఫోను లేదు గనుక నిలయం నంబరు వేసినాను. మీ సమస్య తీరిందా, మీరు సంతృప్తి చెందినారా అని ఎవరో అమ్మాయి ఫోను చేసిందట. ఎత్తినది బాలచంద్ర గారు. ఆయన సంతృప్తి చెందినారు.

6. పిల్లలు చూడరా అని తనిఖీకి వచ్చిన ప్రతివారూ మొదట అడుగుతారు. అయ్యో అని నాలుక చప్పరిస్తారు. నాకు పిల్లలు లేరు, భార్య పోయింది. కుప్పయ్య పెళ్ళే చేసుకోలేదు. మమ్మల్ని ఎవరూ వదిలిపెట్టలేదయ్యా, మేమే నడిచి వచ్చినాము. నడవలేకపోతున్నామనే వచ్చినాము. తనిఖీకి ఉన్నదే అరగంట. అందులో పది నిమిషాలు మా మీద జాలికి పోతే, పొద్దున దొడ్డికి ఎలా పోతున్నారని అడగడానికి సమయం ఎక్కడ మిగులుతుంది?

7. తమ తనిఖీ ఫారంలో నలభై రెండు గళ్ళు ఉన్నాయి. మంటలార్పే సిలిండరు, క్యారం బోర్డు, దేశనాయకుల పటాలు, వంటవారి టోపీ. అన్నిటికీ టిక్కు పడింది. కాళ్ళ గోళ్ళు ఎవరు తీస్తారు అనే గడి లేదు. నా గోళ్ళు నాకు అందవు. తిరుమలమ్మకు తెల్లవారి ఐదింటికి గుక్కెడు కాఫీ పడకపోతే తల పగిలిపోతుంది, ఇక్కడ కాఫీ ఎనిమిదింటికి. ఆమె మూడేళ్ళుగా ఆ మూడు గంటలూ తలకు గుడ్డ కట్టుకుని బియ్యం ఏరుతుంది. ఇవి చెప్పుకుంటే పోతూనే ఉంటాయి. పెద్ద కోరికలు కావు గనుక ఎవరికీ కనబడవు. వీటన్నిటినీ ఈ అర్జీ నుంచి నేనే కొట్టివేస్తున్నాను. ఒక్కటి అయితే చాలు.

కావున తమరు దయతో, (అ) ఆఫీసు పక్క మరుగుదొడ్డి తాళం తీయించవలెనని, (ఆ) నాగవేణికి తోడుగా రోజూ ఒక మనిషిని పెట్టునట్లు ఉత్తరువు ఇవ్వవలెనని, (ఇ) ఇకపై తనిఖీలో మరుగుదొడ్డి ఎండిపోయి, తెల్లగా, ఒక్క మరక కూడా లేకుండా కనబడితే దానిని తప్పుగా ఎర్ర సిరాతో రాయవలెనని ప్రార్థించుచున్నాను. కొంచెం తడిగా ఉంటే మెచ్చుకోండి. అక్కడికి ఒక మనిషి పోయి వచ్చినాడని అర్థం.

ఈ అర్జీని దయచేసి నివేదిక కోసం బాలచంద్ర గారికి పంపవద్దు. జవాబు మళ్ళీ నేనే రాయవలసి వస్తుంది, నాకు ఓపిక లేదు.

ఇంతకుముందు రెండింటికన్నా కొంచెం నిదానంగా దీనిని చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఈ ఒక్క విషయం మినహా,
పి. ఏబెల్

తా.క.: పైది బుధవారం రాసి మడిచి దిండు కింద పెట్టుకున్నాను. ఇది గురువారం మధ్యాహ్నం రాస్తున్నాను. దస్తూరీ బాగుండదు, మన్నించవలెను.

ఈ రోజు ఉదయం ఎనిమిదింటికి తమ కార్యాలయం నుంచి నిలయానికి ఫోను వచ్చింది, పదకొండు గంటలకు సారు తనిఖీకి వస్తున్నారని. (తమరు సారేనని అలా తెలిసింది.) పుత్తూరు మనుషులు వచ్చినారు, ఫినాయిలు వాసన వచ్చింది, మంచాల మీద కొత్త దుప్పట్లు పడినాయి. తొమ్మిదిన్నరకు తాళం తీసినారు.

కుప్పయ్య మంచంలోంచి లేవకుండానే అడిగినాడు.

‘తీసినారా?’

‘తీసినారప్పా.’

‘నిజంగానా? నువ్వు సూసినావా?’

‘ఈడ్నుంచే కనబడతా ఉండాది. తలుపు బార్లా తెరిచి పెట్టినారు. తాగు.’

చెంబు ఎత్తి గటగటా తాగినాడు. గెడ్డం మీదుగా చొక్కా తడిసింది. ఇంకో చెంబు అడిగినాడు. ఇడ్లీలు నాలుగు తిన్నాడు, మజ్జిగ తాగినాడు. నాగవేణి సంబరపడి, ‘పెద్దాయన ఈ పొద్దు పెండ్లికొడుకు మాదిరి ఉండాడే’ అన్నది. చాలా రోజుల తరువాత నవ్వినాడు. రెండు గంటలైనా ఆగి, అన్ని పనులూ ఒక్కసారే కానిస్తాను, మోకాళ్ళకు ఒక్క ప్రయాణమే అన్నాడు.

పదకొండు ముప్పావుకు మళ్ళీ ఫోను. సారుకు అర్జెంటుగా మీటింగు పడింది, తనిఖీ తేదీ తరువాత తెలియజేస్తారు అని. బాలచంద్ర గారు ఉస్సురని కూర్చుని, పుత్తూరు మనుషులను పంపేసి, దుప్పట్లు తీయించి, తాళం వేసినారు. అయిదు నిమిషాలు పట్టలేదు.

కుప్పయ్య మంచం అంచున కూర్చుని ఇనుప పట్టీని రెండు చేతులా పట్టుకున్నాడు. మొహం నల్లబడింది. నేను ఆఫీసుకు పోయినాను.

‘సార్, ఒక్కసారి తియ్యండి. కుప్పయ్య రెండు చెంబులు తాగుండాడు.’

‘ఇప్పుడే గదా పెద్దాయనా కడిగించింది. వాళ్ళు గూడా ఎల్లిపోయినారు. నాగవేణి ఒక్కతే ఎన్నని చేస్తాది? మీ సారు మళ్ళా ఎప్పుడు ఊడిపడతాడో ఎవురికి తెలుసు. యెనకాలది ఉండాది గదా, నువ్వు పట్టుకోని తీసకపో.’

ఆ మెట్ల మీద నేను కుప్పయ్యను పట్టుకోగలనా? నన్ను పట్టుకోవడానికే ఒకరు కావాలి.

అప్పుడు నేను చేసిన పని ఇక్కడ ఒప్పుకొనుచున్నాను. నీళ్ళ ట్యాంకు వెనుకకు పోయి, ఒకరి ఫోను అడిగి తీసుకుని (ఎవరిదో రాయను, అడగవద్దు), నిలయం నంబరుకు కొట్టినాను. గొంతు కొంచెం లావు చేసి, ‘తనిఖీ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం. మీటింగు అయిపోయింది. సారు బయల్దేరుతున్నారు. ఈ రోజుగాని రేపుగాని, ఏ క్షణమైనా రావచ్చు’ అన్నాను. రోజూ వినే నా గొంతు ఆయన గుర్తు పట్టలేదు. ఆఫీసు అనే మాట వినగానే లేచి నిలబడినారు, కిటికీలోంచి నాకు కనబడుతూనే ఉన్నారు. ‘అట్లనే సార్. రెడీగా ఉండాము సార్’ అన్నారు. ఫోను పెట్టి, పరుగున పోయి తాళం తీసినారు.

కుప్పయ్య నా భుజం పట్టుకుని, నేను గోడ పట్టుకుని, ఇద్దరం అక్కడికి చేరినాము. లోపలికి పోయి, కడ్డీలు రెండూ పట్టుకుని కూర్చున్నాడు. తలుపు దగ్గరికి వేసి నేను బయట నిలబడినాను.

‘ఏబెలూ, ఉండావా?’

‘ఉండానప్పా.’

‘మళ్ళా వచ్చి తాళం వేసేస్తారేమో.’

‘ఎవురూ రారు. నిదానంగా కానీ.’

లోపల ఏడుస్తున్నాడని తెలిసింది. నేనూ ఏడ్చినాను. ఒక దొడ్డి కోసం ఇద్దరు మగవాళ్ళు, ఇంత వయసు వచ్చి.

తమ ఆఫీసు పేరు దొంగతనంగా వాడుకున్నాను. అది నేరమని తెలుసు. ఏ చర్య తీసుకున్నా సమ్మతమే, సంతకం పైనే ఉన్నది. కాని నా గొంతు రేపటి తరువాత చెల్లదు, ఆయన కనిపెట్టేస్తారు. అందుచేత పైన రాసిన అ, ఆ, ఇ మూడింటినీ కొట్టివేసి, వాటి బదులు ఒక్కటి అడుగుతున్నాను. నిలయం నంబరు తమ దగ్గర ఉన్నదే. రోజూ ఉదయం ఆరు గంటలకు, తనిఖీకి వస్తున్నామని ఒక ఫోను చేయించండి.

రావలసిన పని లేదు.